తలుపు మీద నాలుగు గీతలు

ఆయన పోయిన నాలుగో రోజున కాశీబుగ్గలో కార్ల స్టాండు పక్కన టీ తాగుతున్నాను. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి ఆయన మాట ఎత్తి, "మంచోడే పాపం. అన్నీ వొచ్చుగానీ టాపెట్లు పెట్టడం ఒక్కటే రాదు. మన మాజీ సర్పంచి గారి కారింజను నాసనం సేసీసినాడు కదేటి?" అన్నాడు.

పక్కనున్న ఇద్దరూ తలలూపారు. ఆ కారు పాడైన రోజుల్లో ఆ ఇద్దరికీ మీసాలు కూడా మొలిచి ఉండవు. ఆయన మొహం చూసి ఎరగరు, ఆ కారు చూసి ఎరగరు, టాపెట్టంటే ఇనపదో ఇత్తడిదో తెలీదు. అయినా ఊపారు. తల ఊపడానికి మా వైపు ఏమీ తెలియనక్కర్లేదు, చెప్పేవాడి చొక్కా తెల్లగా ఉంటే చాలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సగం టీతో గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాను. లేచినవాణ్ణి ఏమైనా అన్నానా అంటే, లేదు. పదేళ్ళుగా అనని మాట ఆ రోజూ అనకుండానే వచ్చేశాను. ఆయన పెట్టిన టాపెట్లలో ఏ తప్పూ లేదని ఖాయంగా తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలామని అప్పుడు అనుకున్నాను. ఒకడు ఆ మాజీ సర్పంచి, మా బావ. రెండోవాణ్ణి నేను.

ఆయన్ని స్టాండులో అందరూ మేస్త్రి అనేవారు, నేనూ అలాగే రాస్తాను. అసలు పేరు రాయొద్దని వాళ్ళింటావిడ నా దగ్గర మాట తీసుకుంది. "పేరు రాత్తే ఆ పాడుమాటా ఆయన పేరూ మల్లీ జంటగా ఊరేగుతాయి బాబూ, ఒగ్గీ" అంది.

తొంభైల చివర్లో ఆయన షెడ్డు స్టాండుకి ఎదురుగానే ఉండేది. రేకుల కప్పు, రెండు రెక్కల చెక్క తలుపు, బోర్డు లేదు. బోర్డు రాయించమని ఎవరన్నా అంటే, "బోర్డు సూసి వొచ్చినోడు బోర్డు సూసీసే పోతాడు, పోనీ" అనేవాడు. పొట్టి మనిషి. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, బోర్లించిన బ్యాటరీ పెట్టె మీద కూర్చునేవాడు. చేతులు కడుక్కోవడానికి కొబ్బరిపీచు, సబ్బుపొడి. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. ఆ నలుపు చూసి పెళ్ళి భోజనాల్లో ఎవరైనా పక్కకి జరిగితే, ఆయన ఇంకాస్త వాళ్ళ వైపే జరిగేవాడు.

బానెట్ ఎత్తకముందు ఆయన మూడు ప్రశ్నలు అడిగేవాడు. లారీ ఓనరైనా, డాక్టరైనా, ఎమ్మార్వో గారి డ్రైవరైనా అవే మూడు.

"ఏటి పోసినావు? ఎప్పుడు పోసినావు? ఎవులు సెప్తే పోసినావు?"

డీజిలూ, ఆయిలూ, నీళ్ళూ, మధ్యలో ఎవడో చెప్పిన చిట్కాలూ, అన్నీ చెప్పాల్సిందే. చెప్పకపోతే బానెట్ లేవదు. "ఇంజను అబద్దం ఆడదు. ఆడితే తెచ్చినోడే ఆడాల" అనేవాడు. మూడో ప్రశ్నకి చాలామంది నీళ్ళు నమిలేవారు. చెప్పినవాడు ఇంట్లో పెద్దవాడో, పెళ్ళాం అన్నగారో అయి ఉండేవాడు మరి.

డీజిల్ ఇంజను సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. దీనికి నిప్పురవ్వ ఉండదు. పిస్టను పైకి లేచి లోపలి గాలిని బిగించి బిగించి వేడెక్కిస్తే, ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ బిగింపుని డ్రైవర్లు కంప్రెషన్ అంటారు, ఆయన ఊపిరి అనేవాడు. ఊపిరి పోయే దారులు కొన్ని ఉన్నాయి. పైనున్న వాల్వులు, అంటే గాలి వచ్చిపోయే మూతలు, సరిగ్గా మూసుకోకపోయినా పోతుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు గోడని పట్టుకోకపోయినా పోతుంది. వాల్వు మీద వెంట్రుకంత సందు ఉంచి సరిచేయడమే టాపెట్లు పెట్టడం. ఆ వెంట్రుకంత సందులో ఆయన్ని మించినవాడు టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా లేడు. ఇది నా మాట కాదు, ఆ స్టాండులో వాళ్ళే అనేవారు. ఆ నాలుకలే తర్వాత తిరగబడ్డాయి.

ఒకసారి సోంపేట నుంచి కొబ్బరికాయల షావుకారు ఒకాయన కారు తాడు కట్టించి లాక్కొచ్చాడు. విశాఖపట్నంలో చూపించాడట, ఇంజను దించి సిలిండర్లు కోసి కొత్త పిస్టన్లు వేయాలన్నారట. "విప్పీ మేస్త్రీ, మొత్తం విప్పీ" అని తొందరపెట్టాడు.

"నీకు జొరమొస్తే పొట్ట కోసీమంటావేటి?" అన్నాడు మేస్త్రి. "విప్పడం సేతకానోడి పని. ముందు ఇందాం." టీకొట్టు వైపు తిరిగి, "ఆ రేడియో కట్టీండ్రా, బండి మాటాడతన్నాది" అని కేకేశాడు.

కట్టేసేవారు. క్రికెట్ వస్తున్నా కట్టేసేవారు. అప్పటికి ఆయన మాటకి అంత విలువ ఉండేది.

డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు ఊడదీసి ఒక్కొక్క బెజ్జానికీ మీటరు బిగించి, ముల్లు చూసి, చెవి మీది సుద్ద తీసి తలుపు మీద ఒక గీత గీశాడు. నాలుగు సిలిండర్లకి నాలుగు గీతలు. ఊపిరి ఎంతుంటే గీత అంత పొడవు. మూడు జానెడున్నాయి, ఒకటి బెత్తెడుంది. తర్వాత షావుకారు చేయి పట్టుకుని, "ఏలు పెట్టు" అన్నాడు. "నాకెందుకు మేస్త్రీ, నువ్వు చూశావు కదా" అని షావుకారు జరిగిపోబోతే, "బండి నీది, ఏలూ నీదే పెట్టు. రేపు కాదన్నావనుకో, నీ ఏలే నీకు సాచ్చెం" అన్నాడు. ఇంజను తిప్పిస్తే మూడు బెజ్జాల మీద షావుకారు బొటనవేలు నిలవక ఎగిరిపోయింది. నాలుగోదాని మీద హాయిగా కూర్చుంది. ఒక టాపెట్ బిగిసిపోయి వాల్వు మూసుకోవడం లేదు, అంతే. సందు సరిచేసి మళ్ళీ గీశాడు. నాలుగూ జానెడే.

అప్పుడాయన తడిగుడ్డ షావుకారు చేతికిచ్చాడు. అది ఆయన పద్ధతి. ఊపిరి సరిపోయిందని ఒప్పుకుంటే యజమానే తన చేత్తో గీతలు తుడిచి బండి తీసుకెళ్ళాలి. రసీదూ లేదు, సంతకమూ లేదు. తుడిచావంటే బాకీ తీరింది, నువ్వూ నేనూ సరి. "మరీ పాతదైపోయింది మేస్త్రీ ఈ కారు" అని షావుకారు తుడుస్తూ గొణిగితే ఆయనకి మళ్ళీ కోపమొచ్చింది. "పాతదైతే పాడైపోవాలని ఎక్కడ రాసున్నాది? మా అమ్మకి ఎనబైయేళ్ళు, పీతలు కొరుక్కు తింటాది" అన్నాడు.

ఇప్పుడు మా బావ సంగతి. అక్క పెళ్ళయ్యాక నేనూ వాళ్ళింటికి చేరాను. డిగ్రీ చదివి ఉద్యోగం లేక, వాళ్ళ పాత తెల్లకారు నడిపేవాణ్ణి. బావకి ఉద్దానంలో జీడితోటలు, పలాస పక్కన జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండేవి. ఆ ఏడు సర్పంచికి నిలబడదామని కూడా ఉండేది. గొడవకి నెల ముందే కారు మేస్త్రి దగ్గరికి వెళ్ళి టాపెట్లు పెట్టించుకొచ్చింది. తలుపు మీద నాలుగు జానెడు గీతలు. తుడిచింది మా బావే, నవ్వుతూ తుడిచాడు. నేను పక్కనే ఉన్నాను.

తర్వాత కారు కొంచెం ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ముసలి బండి, అంత మాత్రం తాగుతుంది. భావనపాడులో చేపలకి వెళ్ళినప్పుడు బావ అక్కడ పడవలకి జీడినూనె పూస్తుంటే చూశాడు. జీడిపిక్క పెంకులోంచి వచ్చే నల్లటి చిక్కటి నూనె అది. చెక్కలకి పూస్తే సందులు మూసుకుని నీరు దిగదు. మా బట్టీలో డబ్బాల కొద్దీ పడి ఉండేది.

"పడవ సెక్కలో సందు మూసిన నూనె పిస్టను సందు మూయదేటిరా?" అన్నాడు బావ. "ఇంజనాయిలూ నలుపే, ఇదీ నలుపే. మనింటి నూనెరా, పొయ్యి."

సైన్సు చదివినవాణ్ణి నేను. వేడికి జీడినూనె లక్కలా గట్టిపడుతుందని బట్టీ గోడల మీద పేరుకున్న నల్లటి పెచ్చు చూసిన ఏ కూలిమనిషైనా చెప్పేది. నేనూ ఆ గోడ రోజూ చూసినవాణ్ణే. కానీ పోశాను. లీటరు డబ్బాలో సగం పైగా, గరాటు పెట్టి, ఈ చేత్తోనే పోశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం కారింది. మూడో రోజుకి అక్కడ చర్మం పొక్కి నల్లబడింది. జీడినూనె తగిలిన చేయి అలాగే అవుతుంది, పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళనెవరినైనా అడగండి.

పదిహేను రోజులకి కారు పొద్దున్నే లేవడం మానేసింది. లేచినా నీలం పొగ, మందస రోడ్డు మీద చిన్న ఎత్తు కూడా ఎక్కలేక ఏడుపు. నామినేషన్ల వేళ. బావ తిన్నగా స్టాండుకి వెళ్ళి నలుగురి మధ్యా నిలబడి, "మేస్త్రి టాపెట్లు పెట్టి నా ఇంజను పాడుచేశాడు" అన్నాడు. తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాడు కూడా ఇంత ధైర్యంగా చెప్పి ఉండడు.

మేస్త్రికి ఈ మాట చేరడానికి రోడ్డు దాటేంతసేపు పట్టింది. ఆయన అరవలేదు. అరిచే మనిషి అరవకపోతే భయమేస్తుంది. "బండి తీసుకు రమ్మను. అందరి ముందూ సూత్తాను. నా సందుల్లోంచి పోయిందని తేలితే పానాలు చెరువులో పడేసి ఇంటికెలిపోతాను" అన్నాడు. ఆయన పేరంతా ఆ ఒక్క పరీక్ష మీద పెట్టాడు.

మర్నాడు పదిగంటలకి నేనే కారు తాడుతో తెచ్చాను. స్టాండు మొత్తం వచ్చింది, బావ మనుషులు వచ్చారు, బావ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేస్త్రి ముందుగా మూడు ప్రశ్నలూ అడిగాడు.

"ఏటి పోసినారు బాబూ? ఎప్పుడు పోసినారు?"

"తగ్గినప్పుడల్లా ఆయిలు పోశాం. ఇంకేం పోస్తాం?" అన్నాడు బావ.

"ఎవులు సెప్తే పోసినారు?"

"ఆయిలు పొయ్యడానికి ఒకరు చెప్పాలేటి?" జనం నవ్వారు.

మీటరు బిగించి నాలుగు గీతలు గీశాడు. నాలుగూ బెత్తెడే, నాలుగూ సమానంగా. వేళ్ళు ఆనించి మళ్ళీ కొలిచి చూసుకున్నాడు. "అరుగుదలైతే ఒకటి ముందు అరుగుతాది, ఒకటి ఎనక అరుగుతాది. టాపెట్టైతే ఒకటో రెండో. నాలుగూ ఒక్క నెల్లో ఒక్కలాగ పడిపోనాయంటే ఇది అరుగుదల కాదు, టాపెట్టూ కాదు" అన్నాడు.

పక్క పంచరు షాపు నుంచి గాలి ట్యూబు తెచ్చి, పాత ఇంజెక్టరు మొదలుతో తానే చేసుకున్న మూతి దానికి తగిలించాడు. ఒక్కొక్క పిస్టన్నీ పైకి తెచ్చి నిలిపి ఆ సిలిండర్లోకి గాలి వదిలాడు. ముగ్గురిని పిలిచి మూడు చోట్ల చెవులు పెట్టించాడు. ఒకడు వెనక సైలెన్సరు దగ్గర, ఒకడు ముందు గాలి పీల్చే గొట్టం దగ్గర, ఒకడు ఆయిలు పోసే మూత దగ్గర.

"సైలెన్సరు కాడ ఏటినిపిస్తన్నాది?"

"ఏటీ నేదు మేస్త్రీ."

"గాలిగొట్టం కాడ?"

"నేదు."

"ఆయిలు మూత కాడ?"

"బుస్సుమంటన్నాది మేస్త్రీ! మొకానికి కొడతన్నాది."

"వాల్వులు ఊపిరి పట్టుకునే ఉన్నాయి" అన్నాడు మేస్త్రి, బావ వైపు చూస్తూ. "ఊపిరి రింగుల్లోంచి కిందకి పోతన్నాది. నాలుగింటిలోనూ." ఆయిలు కొలిచే పుల్ల లాగి వాసన చూశాడు. ఆ వాసన మా వైపు పుట్టినవాడికి చెప్పాలా? జీడిబట్టీ పక్కన బస్సు ఆగితే కిటికీలు మూసేసుకునే వాసన. కానీ పేరెత్తలేదు. నన్ను పిలిచాడు.

"నువ్వు నడిపినావు కదా. ఏలు పెట్టు."

పెట్టాను. వేలు ఎగరలేదు, బెజ్జం మీద అలాగే ఉంది. ఆయన చూసింది మాత్రం వేలుని కాదు, వేలి పక్కన నల్లగా పొక్కిన చర్మాన్ని. చూసి, నా మొహంలోకి చూశాడు. తగ్గిన గొంతుతో, నాకొక్కడికే అన్నట్టు అడిగాడు. "ఏటి పోసినావు బాబూ?"

చేయి తీసి జేబులో పెట్టుకున్నాను. వెనక బావ కుర్చీ కిర్రుమంది. ఆయన తిండి తింటున్నాను, ఆయనింట్లో పడుకుంటున్నాను, పదిమందిలో ఆయన మాట అబద్ధమని ఎలా చెప్పను? ఇలాంటి సాకులు నా దగ్గర చాలా ఉన్నాయి. పదేళ్ళు వాటిని తిరగేసి మరగేసి చూసుకున్నాను, ఒక్కటీ నిలబడదు. "ఏమీ పొయ్యలేదు" అన్నాను.

బావ లేచి కుర్చీ పక్కకి తన్నాడు. "గాలి ఇటు పోతేనేటి, అటు పోతేనేటి? నువ్వు ముట్టుకున్నాకే పోయింది కదా!"

"నాలుగు పొడుగు గీతలు తుడిసింది ఎవులు బాబూ? మీ సేత్తో మీరే కదా?" అన్నాడు మేస్త్రి.

దానికి జవాబు బావ వంటవాళ్ళ చేత చెప్పించాడు. ఆ మధ్యాహ్నం మా తోటలో భోజనాలు. చెవులు పెట్టి విన్న ముగ్గురూ వరసలో కూర్చుని మేకమాంసం తిన్నారు. సాయంత్రానికి ముగ్గురూ ఒకటే మాట. "ఏటో, ఆయన టాపెట్లు పెట్టాకే పాడైపోనాది." చెవులతో విన్నది కడుపులోకి దిగేసరికి ఇలా మారిపోతుందా? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నా కళ్ళముందు నిలకడగా పదేళ్ళు నిలబడింది అబద్ధమే.

అంత అన్నా కారు అక్కడే వదిలేశారు, ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కదా. మేస్త్రి ఇంజను విప్పాడు. ఇప్పుడు విప్పడానికి కారణం ఉంది. నాలుగు పిస్టన్ల రింగులూ తమ గాడుల్లో గోధుమరంగు లక్కతో అతుక్కుపోయి ఉన్నాయి, కదలవు. సిలిండరు గోడల మీద పైనుంచి కిందకి గోరు పెట్టి గీరి చూశాడు. ఎక్కడా మెట్టు తగల్లేదు. గోడలు అరగలేదు, కోయక్కర్లేదు. పిస్టన్లని రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్క రింగూ విరక్కుండా తీసి, విరిగిన పాత రింగు ముక్కతో గాడులు గోకాడు. కొత్త సామాను ఒక్కటీ వేయించలేదు. ఇంకొకడైతే ఆ అవమానానికి రెండింతలు వేయించి ఉండేవాడు. ఐదు రోజులూ ఆ మురికిలో చేతులు పెట్టడంతో మోచేతుల దాకా బొబ్బలెక్కాయి.

ఆరో రోజు కారు తీసుకురమ్మని బావ నన్ను పంపాడు. తలుపు మీద పైన నాలుగు బెత్తెడు గీతలు, వాటి కింద నాలుగు జానెడు గీతలు. మేస్త్రి చేతులకి కొబ్బరినూనె రాసి ఉంది. తడిగుడ్డ నాకిచ్చాడు.

"కూలి వొద్దు. ఏటి పోసినావో సెప్పు. సెప్పి తుడిసీ. స్టాండులోకెల్లి ఒక్కమాట అను, టాపెట్లు బాగానే ఉన్నాయని. అంతే."

గుడ్డ అక్కడున్న డబ్బా మీద పెట్టాను. తాళం తీసుకుని కారెక్కాను. ఒక్క తిప్పుకే లేచింది కారు. అంత బాగా అది ఎన్నడూ లేవలేదు. బజారు దాటేదాకా నేను అద్దంలోకి చూడలేదు.

బావ గెలిచాడు. ఆ కారు మీదే మైకు కట్టి ఊళ్ళన్నీ తిరిగాం. ఎవరైనా "కారు బాగైందా?" అంటే, "విశాఖపట్నం పంపించి చేయించాం" అనేవాడు బావ. స్టీరింగు పట్టుకుని పక్కనే ఉన్నవాణ్ణి నేను. తలూపేవాణ్ణి కూడా. టీకొట్టు దగ్గర తలూపిన ఆ ఇద్దరి మీద ఇందాక అంత ఎగిరిపడ్డాను కదా, ఆ విద్యలో వాళ్ళకి గురువుని నేనే.

రెండేళ్ళకి ఆయన షెడ్డులోకి కార్లు రావడం మానేశాయి. ఎవడో కుర్రాడు డ్రైవరు, "టాపెట్లు తప్ప ఇంకేదైనా చేయించుకోవచ్చు ఈయన దగ్గర" అని ఆయన ముందే అన్నాడట. మేస్త్రి షెడ్డు తీసేసి, పానాలు గోనెలో వేసుకుని భావనపాడు వెళ్ళి పడవ ఇంజన్లు బాగుచేసుకున్నాడు, నౌపడలో ఉప్పుమడుల పంపులు చూసుకున్నాడు. పడవ ఇంజను చెడితే నడిసముద్రంలో ఇరుక్కుపోయేది మనిషి. అక్కడివాళ్ళు మాత్రం ఆయన్ని నమ్మారు.

ఒక ఎండాకాలం నేను చేపలకి వెళ్ళి ఆయన్ని చూశాను. ఒడ్డున పడవలో వంగి, పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవిలో పెట్టుకుని వింటున్నాడు. తప్పించుకుందామనుకునేలోపే తలెత్తాడు. జుట్టు తెల్లబడింది. చెవి మీద సుద్ద లేదు.

"సెయ్యి మానిపోనాదా?" అన్నాడు.

"మానిపోయింది మేస్త్రీ."

"మంచిది" అని మళ్ళీ ఇంజను వైపు తిరిగాడు. నేనింకా నిలబడే ఉన్నాను. ఆయన చాలాసేపు విన్నాడు, ఇంజన్నే. నా వైపు మళ్ళీ చూడలేదు. అదే ఆయన్ని చివరిసారి చూడటం.

టీకొట్టు దగ్గర్నుంచి లేచి వచ్చిన రోజే వాళ్ళింటికి వెళ్ళాను. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక్క జీడితోట అడ్డం. పదేళ్ళలో ఆ తోట దాటలేదు నేను. వాళ్ళింటావిడ అరుగు మీద కూర్చుని ఉంది. ముప్ఫైయేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు, వేళ్ళ కొసలు నల్లగా గట్టిపడిపోయి ఉన్నాయి. ఏడవడం అయిపోయిన మనిషి.

నిలబడే చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు కారులో జీడినూనె పోసింది నేను. మేస్త్రి తప్పు లేదు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అది నాకు తెలీదేటి? బొబ్బలతో ఇంటికొచ్చినాడు. ఆ బొబ్బలు నా సేతుల మీద ముప్పైయేల్లు సూసినాను. ఏటి నూనో ఆయన సెప్పకముందే వాసన సూసి నానే సెప్పినాను. ఎవులు పోసినారో ఆయన సెప్పినాడు, నీ సెయ్యి సూసినాడట."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నాను ఎలతానన్నాను, స్టాండులోకెల్లి కడిగీసొత్తానన్నాను. వొద్దన్నాడు. 'ఆడు సదువుకున్నోడు, ఆడే వొచ్చి సెప్తాడు, ఆడు సెప్తేనే ఇలవ' అన్నాడు." ఆవిడ గొంతు అప్పుడు లేచింది. "పదేళ్ళు బాబూ! అల్లదిగో తోట. ఆ తోట దాటడానికి నీకు పదేళ్ళు పట్టిందేటి? మనిసి పోయినాక దారి తెలిసిందేటి?"

ఆవిడ లేచి ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. పశువులశాల గోడకి ఆనించి ఆ షెడ్డు తలుపు రెక్క ఉంది. షెడ్డు తీసేసినప్పుడు అదొక్కటీ బండి మీద వేసుకుని తెచ్చుకున్నాడట. పైన నాలుగు బెత్తెడు గీతలు, కింద నాలుగు జానెడు గీతలు. సుద్ద తెల్లగా, నిన్న గీసినట్టుంది. ఏటేటా దసరాకి పానాలకి బొట్టు పెట్టాక ఆ ఎనిమిది గీతలూ మళ్ళీ దిద్దేవాడట. "తుడవాల్సినోడు రాలేదు, మరి చెరిగిపోకూడదు కదా" అనేవాడట.

చేయి దానంతటదే తలుపు మీదికి వెళ్ళింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గట్టి వేళ్ళు. "తుడవకు. నాకు సెప్తే ఏటి? నాకు తెలుసు. తెలీనోల్లకి సెప్పు. సెప్పి, అప్పుడు రా."

మర్నాడే స్టాండుకి వెళ్ళాను. అదే బెంచీ, అదే పెద్దమనిషి. నలుగురూ వినేలా చెప్పాను, నూనె సంగతీ, చేయి సంగతీ. పెద్దమనిషి టీ ఊదుకుంటూ, "పోనీలే బాబూ, పోయినోడు పోనాడు. ఇప్పుడీ గొడవెందుకు?" అన్నాడు. ఆటో కుర్రాళ్ళు "ఆ మేస్త్రి ఎవరు అన్నా?" అని అడిగారు. మనిషిని మర్చిపోయారు, నింద మాత్రం గుర్తుంది! సాయంత్రం బావ ఫోను చేశాడు. "పెద్దవాణ్ణయిపోయాను, ఇప్పుడు నా పరువు తీస్తావేటిరా?" అన్నాడు. ఒకరి పరువు పదేళ్ళు నేలకి రాసినప్పుడు రాని నొప్పి తన పరువుకి దుమ్ము తగిలేసరికి వచ్చింది. మొదటిసారి బావ ఫోను నేను ముందు పెట్టేశాను.

మళ్ళీ తోట దాటి వెళ్ళి ఆవిడకి చెప్పాను, స్టాండులో చెప్పేశానని. ఎంతమంది విన్నారని అడిగింది. ఏడెనిమిది మంది అన్నాను.

"ఆ మాట ఏడెనిమిది మందితో ఆగిందేటి బాబూ? సోంపేటెల్లింది, టెక్కలెల్లింది, మా అమ్మాయి అత్తోరింటికి కూడా ఎల్లింది. ఇదీ అంత దూరం ఎల్లాల. సదువుకున్నోడివి, దానికేటి సేత్తావో నువ్వే సూసుకో" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు చేతనైంది రాయడం ఒక్కటే. ఆ సంగతి ఇంకోసారి వెళ్ళి ఆవిడకి చెప్పి, పేరు రాయనని మాటిచ్చి వచ్చాను. అందుకని సోంపేటలో ఉన్నవాళ్ళకీ, టెక్కలిలో ఉన్నవాళ్ళకీ, ఆ అమ్మాయి అత్తవారింట్లో వాళ్ళకీ ఇది రాస్తున్నాను. ఆ తలుపు ఇంకా ఆ గోడకే ఆనించి ఉంది, గీతలు ఎనిమిదీ అలాగే ఉన్నాయి. మేస్త్రి పెట్టిన టాపెట్లు సరిగ్గానే ఉన్నాయి. జీడినూనె పోసింది నేను.